విడదీసి రాసిన అన్న

మా మోతుకుపేట మండలంలో ఎస్సైని కుర్చీలోంచి లేపి నిలబెట్టిన గొంతు ఒక్కటే ఉంది. అది నాది. నేను అంగట్లో నిలబడి మైకులో "హలో" అంటే గోదావరి అవతల, ఆదిలాబాదు జిల్లా ఒడ్డున మేస్తున్న మేకలు తలలెత్తి చూసేవని చెప్పుకునేవారు. చెప్పుకున్నది ఎక్కువగా నేనే అనుకోండి. అయినా ఎస్సై లేచి నిలబడ్డ సంగతి మాత్రం ఠాణాలో నలుగురు చూశారు.

నా పేరు ముత్యం. మైకు ముత్యం అంటేనే తెలుస్తుంది. ఊళ్ళోకి సినిమా వచ్చినా, పశువుల డాక్టరు వచ్చినా, ఎవరి బర్రె తప్పిపోయినా, రిక్షా మీద రెండు బూరలు కట్టుకుని ఊరూరా తిరిగి చెప్పడం నా పని. ఓట్లు వస్తే పార్టీలవాళ్ళు పిలిచేవారు. నేను చెప్పబోయేది మండలాలు కొత్తగా పుట్టి, వాటికి మొదటిసారి ఓట్లు పెట్టిన ఏడాది సంగతి. ఎండలు ముదురుతున్న రోజులు.

అప్పట్లో మా దిక్కంతా కల్లోలిత ప్రాంతం. అలా అంటే ఏమిటో మాకెవరూ విడమరచి చెప్పలేదు. అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళను జనం 'అన్నలు' అనేవారు. వాళ్ళను వెతుక్కుంటూ పోలీసులు వచ్చేవారు. పోలీసులు వచ్చి పోయాక ఏదో ఒక ఇంట్లో ఒక మనిషి తక్కువయ్యేవాడు. మాకు తెలిసిన కల్లోలం అంతే.

ఓట్లు ప్రకటించగానే ఠాణా గోడకు ఒక ఆర్డరు అతికించారు. నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి గనక దాన్ని కూడబలుక్కుని చదివాను. 'శాంతికి భంగము కలిగించునట్టివి, లేక కలిగించునేమో అనిపించునట్టివి అయిన మాటలు ఏ పార్టీవారునూ మైకులో గానీ గోడలపై గానీ వాడరాదు.' మొదటి సగం అర్థమైంది. రెండో సగం దగ్గర ఆగిపోయాను. లోపల జమేదారు సిద్దిరాములు, అంటే హెడ్ కానిస్టేబులు, మైకులో చదివే కాగితాలు చూసి ముద్ర వేస్తున్నాడు. మా పక్క ఊరివాడే.

"జమేదార్ సాబ్, అనిపించుడంటే ఎవలకు అనిపించాలె?"

"మాకు."

"గా మాటలేంటియో జర ఒక లిస్టు ఇయ్యరాదుండ్రి. ఇంటికాడ అతికిచ్చుకుంట."

"లిస్టు లేదుర ముత్యం. నువ్వు పలుకు. పలికినంక తెలుస్తది."

నా కాగితం తీసుకుని చదివాడు. 'పొద్దుగాలనే లేవుండ్రి, బండి గుర్తుకు ఓటెయ్యుండ్రి' అని రాసుకున్నాను. 'లేవుండ్రి' అన్న మాట కొట్టేశాడు.

"లేవకుంట ఓటెట్లేస్తరు సార్?"

"కూసోని ఏస్తరో పండుకొని ఏస్తరో మీ పార్టీ ఇష్టం. లేవుమనుడు మాత్రం వద్దు." నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. గొంతు తగ్గించి, "నాకు సుత తెల్వదుర," అన్నాడు. "కొట్టకుంటె నన్నడుగుతరు. కొడితె నిన్నడుగుతరు." ముద్ర వేసి పంపించాడు.

ఠాణాలోవాళ్ళకే తెలియదని తెలిశాక నాకు మొదటిసారి భయం వేసింది.

మా పార్టీ చాలా చిన్నది. పేరు చెప్పను, చెప్పినా మీరు వినివుండరు. ఎడ్లబండి గుర్తు. నిలబడ్డవాడు హనుమండ్లు, పసుపు పండించే రైతు. పెద్దలూ పిల్లలూ అందరూ అతన్ని హనుమండ్లన్న అనే పిలుస్తారు. హనుమండ్లు అని ఒట్టిగా అంటే ఎవరి గురించో మా ఊళ్ళో సగం మందికి తెలియదు. అందుకని నేనొక మాట కట్టి ఇచ్చాను: హనుమండ్లన్న వస్తుండు. అంతే. శుక్రవారం సంత, మా అంగడి రోజున మీటింగు. దానికి రెండు రోజుల ముందు, అంగడి బాట మీదున్న పత్తి మిల్లు, మేము గిర్ని అంటాం, దాని గోడ నిండా ఆ మాట రాయాలి.

గోడ రాసేవాడు కైలాసం. బీడీలు చేసే కొమురవ్వ కొడుకు. తండ్రి లేడు. రాత ముత్యాలు పేర్చినట్టుంటుంది, నా పేరని చెప్పడం లేదు. కైలాసం పద్ధతి ఒకటుంది. అతను గోడను కుడి చివర నుంచి మొదలుపెడతాడు. చివరి మాట ముందు రాసి, వెనక్కి వెనక్కి వస్తూ, మొదటి మాటతో ముగిస్తాడు. ఎందుకంటే అంతకుముందు సర్పంచి ఓట్లప్పుడు 'జగన్మోహన్‌రావు' అని ఎడమ నుంచి రాసుకుంటూ పోతే 'జగన్మోహన్' దగ్గరే గోడ అయిపోయింది. 'రావు'ను మూల తిప్పి పక్కనున్న బర్రెల కొట్టం మీద రాశాడు. బర్రెకు రావు పేరు పెట్టారని ఊరంతా నవ్వింది. ఆయన ఓడిపోయాడు. అప్పటి నుంచి కైలాసానిది తోక ముందు, తల తరువాత.

బుధవారం పొద్దున రంగు కలుపుతూ అడిగాడు. "అన్నా, కలిపి రాయాల్నా, విడదీసి రాయాల్నా?"

"విడదీసి రాయి. అన్న అన్నది పెద్దగ కనబడాలె."

బడిలో మా పంతులు సంధి చేసి కలిపి రాయమని చేతుల మీద కొట్టి మరీ నేర్పించాడు. హనుమండ్లన్న. అలా కలిపి రాయించి ఉంటే, సగం రాతలో గోడ మీద 'వస్తుండు' అని మాత్రమే ఉండేది. దానికి ఎవడూ భయపడడు. నేను విడదీయించాను.

పన్నెండు గంటలకు కైలాసం రెండు మాటలు పూర్తి చేశాడు. ఎడమ పక్క పేరుకు చోటు వదిలి, నిచ్చెన అటు జరిపి, చెయ్యి కడుక్కుందామని బోరింగు పంపు దగ్గరికి పోయాడు. అప్పుడే అంగడి బాటన ఎస్సై జీపు వచ్చింది. తెల్లటి గోడ మీద మనిషెత్తు నీలి అక్షరాలతో ఉన్న మాట ఇది:

అన్న వస్తుండు.

జీపు ఆగింది. తడి చేతులతోనే కైలాసాన్ని ఎక్కించుకుపోయారు.

సాయంత్రానికల్లా ఊరు మారిపోయింది. హోటల్లో చాయ్ అడిగేవాడు "అన్నా, ఒక చాయ్" అనబోయి ఆగి, వేలు చూపించాడు. అంగట్లో ఉల్లిగడ్డలమ్మే ఆమె "ఓ... ఓ... నిన్నే" అని పిలవడం నేర్చుకుంది. మా ఇంటిదాని సొంత అన్న వీధిలోంచి పోతుంటే ఆమె పిలవలేక, గిన్నె మీద గంటెతో కొట్టింది. ఆ గిన్నె చప్పుడుకు నవ్వొచ్చింది కానీ నవ్వు పూర్తి కాలేదు.

మా నాయకుడు హనుమండ్లు గురువారం పొద్దున్నే బస్సెక్కి మందమర్రి పోయాడు. అక్కడ బొగ్గుబాయిలో పనిచేసే బామ్మర్దికి పానం బాగా లేదట. పోతూ పోతూ ఒక మంచి పని చేసిపోయాడు. గిర్ని గోడకు మనిషిని పెట్టి సున్నం వేయించాడు. పార్టీ గోడను పార్టీయే తుడిచేసింది. ఎవరూ తుడవమనలేదు. తుడవమంటారేమో అని అనిపించింది.

ఆ పొద్దున తలుపు తీస్తే కొమురవ్వ మా అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. బీడీలు చుడుతోంది.

"మాట నీదేనట గదా ముత్యం," అంది.

"ఎవలు చెప్పిండ్రు?"

"నా కొడుకే మొన్న అన్నం తినుకుంట చెప్పిండు. ముత్యమన్న మంచి మాట కట్టిండే అవ్వా అని."

తిట్టలేదు, ఏడవలేదు. మళ్ళీ బీడీ చుట్టుకుంది. పదిన్నర దాకా కూర్చుంది. ఒక బీడీ చుట్టడం, నావైపు చూడటం, ఇంకో బీడీ తీసుకోవడం. మా ఇంటిది బాలలక్ష్మి నీళ్ళిస్తే తాగింది. లోపలికి వచ్చి బాలలక్ష్మి నాతో, "ఏందయ్యా, ఊరందరికి చెప్పే నోరు గదా నీది, ఠాణాల ఒక్క మాట చెప్పరాదా?" అంది.

"చెప్తె నన్ను సుత ఉంచుకుంటరే."

"ఉంచుకుంటరేమో. గా పిలగాన్ని ఉంచుకున్నరు గద."

వేసుకున్న అంగీ మీద ఇంకో అంగీ వేసుకున్నాను. దెబ్బలు తక్కువ తగులుతాయని ఎవరో చెప్పారు. కొమురవ్వ చాట ఎత్తుకుని నా వెనకే వచ్చింది.

ఇక ఎస్సై లేచి నిలబడిన సంగతి. అతను కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. కుర్చీలో కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. నేను ఎదురుగా నిలబడి, "సార్, గా గోడరాత పూర్తి కాలే," అన్నాను. ఆయన తలెత్తాడు. మళ్ళీ అన్నాను. చెవి వెనక చెయ్యి పెట్టాడు. మూడోసారి అన్నాను. అప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా నోటి దగ్గర చెవి పెట్టి, "ఏంటయ్యా, గాలి తప్ప మాట రావట్లేదు?" అన్నాడు. లేచింది నిజమే. లేపింది నా గొంతే. అది లేకపోవడం వల్ల లేచాడు.

"ఏ అన్న వస్తున్నాడు?" అని అడిగాడు. "ఎక్కడికి వస్తున్నాడు? అంగడి రోజే ఎందుకు వస్తున్నాడు?"

"హనుమండ్లు అన్న సార్. బండి గుర్తు."

"మరి పేరేది?"

"పేరు ఆఖర్ల రాస్తడు సార్. కడ నుంచి మొదలువెడ్తడు."

"కడ నుంచా? తెలుగా, ఉర్దూనా?"

సిద్దిరాములు కిందికి చూశాడు. బర్రెల కొట్టం కథ చెబుదామని నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వెనక నుంచి కొమురవ్వ, చాట దించకుండానే అంది. "సారూ, నా కొడుకు తోక ముంగట రాసి తల ఆఖర్ల రాస్తడు. చెప్తె నమ్మవు. రాయించి చూడు."

ఎస్సై ఆమెను చూశాడు, గోడకున్న ఆర్డరును చూశాడు. "జీపెక్కండి," అన్నాడు.

ఠాణా ముందు బాట రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే అంగడి, గిర్ని గోడ. కుడికి పోతే వాగు, వాగు దాటితే అడవి. జీపు కుడికి తిరిగింది.

మధ్యాహ్నం రెండు గంటలు. ఎండ తెల్లగా కాస్తోంది. ఆ బాటన జీపులో పోయినవాళ్ళ పేర్లు మర్నాడు పేపర్లో చదివినవాళ్ళం మేము. ఎదురుకాల్పులు అని రాసేవారు. పేపర్లో నా పేరు ఎలా వేస్తారో అనుకున్నాను. ముత్యం అని వేస్తారా, మైకు ముత్యం అలియాస్ ఇంకేదైనా అని వేస్తారా. అలియాస్ లేకపోతే వాళ్ళే ఒకటి పెట్టేవారు. వాగు దగ్గర జీపు నిదానమైంది. కొమురవ్వ నా చేతిలో ఏదో పెట్టింది. చూస్తే బీడీ. నిప్పు లేదు, తాగే ధైర్యమూ లేదు. పట్టుకుని కూర్చున్నాను.

వాగు దాటాక ఒక పాత బంగ్లా ఉంది. అక్కడ జీపు ఆగింది. కైలాసాన్ని ఠాణాలో కాదు, అక్కడ ఉంచారట. ఇద్దరు పోలీసులు తీసుకొచ్చారు. నడక వంకరగా ఉంది. కుడిచేతి వేళ్ళు అరటికాయల్లా లావెక్కాయి. తల్లిని చూసి, నన్ను చూసి, మళ్ళీ నేలను చూశాడు. మాట్లాడించవద్దని ఎస్సై ముందే చెప్పాడు.

గిర్ని గోడ ముందుకు వచ్చేసరికి జనం దూరంగా, ఎవరింటి నీడలో వాళ్ళు నిలబడ్డారు. గోడ తెల్లగా, ఇంకా తడిగా ఉంది.

"రాత ఏది?" అన్నాడు ఎస్సై.

"సున్నం ఏసిండ్రు సార్."

"ఎవరు వేయమన్నారు?"

ఆయన రంగు డబ్బా తెప్పించి కైలాసం ముందు పెట్టించాడు. "నిన్న ఏం రాయాలనుకున్నావో అది రాయి. పూర్తిగా రాయి," అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

ఏ చివర నుంచి మొదలుపెట్టాలో కైలాసానికి తెలియదు. అంటే పద్ధతి తెలుసు. మేము ఠాణాలో ఏం చెప్పామో తెలియదు. రాత్రంతా దెబ్బలు తిన్నవాడు ఎవడైనా ఏం చేస్తాడు? ముందు పేరు రాస్తాడు. హనుమండ్లు అని మొదట రాసేసి, నేను రాయాలనుకున్నది ఈ అన్న గురించే సార్ అని చూపిస్తాడు. అలా రాస్తే వాడు పోయినట్టే, మేమూ పోయినట్టే. 'కడ నుంచి' అని అరవాలనిపించింది. పక్కనే సిద్దిరాములు నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

కైలాసం నిచ్చెన ఎత్తలేక ఈడ్చుకుంటూ పోయాడు. గోడ ఎడమ చివర ఆగాడు. కుంచె డబ్బాలో ముంచాడు. కొమురవ్వ చాట ఆమె చేతుల్లో చప్పుడు చేసింది, తునికాకు రాలింది. కైలాసం గోడను పైనుంచి కిందికి చూశాడు. జానతో ఒకసారి కొలిచాడు. ఆ తరువాత, ఎవరూ లేనట్టు, ఎప్పటిలాగే, కొలుచుకుంటూ కొలుచుకుంటూ కుడి చివర దాకా పోయాడు. ఎడమచేత్తో కుంచె పట్టుకుని 'వస్తుండు' అని రాశాడు. దానికి ఎడమ పక్కన 'అన్న' రాశాడు. నీలిరంగు తడి సున్నంలో కారింది. ఎస్సై ఆపలేదు. కైలాసం నిచ్చెన ఎడమకు ఈడ్చి, మిగిలిన చోట్లో హనుమండ్లు అని రాశాడు. ఒక్క అక్షరం కూడా ఇరుకు కాలేదు.

ఎస్సై గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుస్తూ చదివాడు. "మాట కట్టింది ఎవరు?" అన్నాడు.

"నేను సార్. మాట నాది," అన్నాను.

ఆయన జమేదారు వైపు తిరిగాడు. "ఆ పేరు రాసుకో. మాట ఎవడిదో వాడు ప్రతి సోమవారం ఠాణాకు వచ్చి సంతకం పెట్టాలి. మిగతావాళ్ళు పోవచ్చు." జీపెక్కబోతూ ఆగి, "ఇంకోటి. ఇక మీద ఏ పార్టీ అయినా అన్న అనకూడదు," అన్నాడు.

"మరేమనాలె సార్?" సిద్దిరాములే అడిగాడు, మా తరఫున.

"గారు అనండి. దేశమంతా గారు అంటోంది కదా."

కొమురవ్వ కొడుకు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. రాలిన తునికాకును నేను ఏరి వెనకాల పట్టుకుపోయాను.

హనుమండ్లు వారం తరువాత మందమర్రి నుంచి వచ్చాడు. ఓట్లకు మిగిలిన నాలుగు రోజులు నేను మైకులో హనుమండ్లు గారు, హనుమండ్లు గారు అని తిరిగాను. "ఎవలుర గా గారు? మనూరోడేనా?" అని ఒక ముసలామె రిక్షా ఆపి అడిగింది. మా బండి గుర్తు అందరికన్నా వెనక వచ్చింది. హనుమండ్లు కొంచెం సంతోషపడ్డాడని నా అనుమానం. గెలిస్తే జనం అన్నా అని పిలిచేవారు మరి.

ఓట్లు అయిపోయాయి కానీ సోమవారాలు అయిపోలేదు. రెండేండ్లు నడిచాయి. ఆర్డరు కాగితం ఠాణా గోడ మీద ఎండకు పసుపుపచ్చబడి ఒకరోజు ఊడిపోయింది. తీసేశారో, గాలికి పోయిందో ఎవరూ అడగలేదు. ఊళ్ళో మళ్ళీ అన్నా అనడం మొదలుపెట్టారు, ముందు ఇండ్లల్లో, తరువాత హోటల్లో. కైలాసం కుడిచెయ్యి పూర్తిగా బాగు కాలేదు. ఎడమచేత్తో దుకాణాల బోర్డులు రాస్తాడు. ఇప్పటికీ కుడి చివర నుంచే.

ఇదంతా జరిగిందే. మేకల సంగతి మీరెలాగూ నమ్మలేదు కాబట్టి దాని గురించి ఒప్పుకునేదేమీ లేదు. ఒక్కచోట మాత్రం నేను కల్పించాను. గోడ ముందు ఎస్సై మాట కట్టింది ఎవరని అడిగినప్పుడు 'మాట నాది' అన్నానని రాశాను చూడండి, అది. నేను అనలేదు. నోరు తెరిచాను, గాలే వచ్చింది. కైలాసం నావైపు చూడకుండా, కుంచె డబ్బాలో పెడుతూ, "నాదే సార్" అన్నాడు. సోమవారాలు అతనివే. బూరలు విప్పేసి, రిక్షాలో కూర్చోబెట్టుకుని ఠాణా దాకా దింపి, బయట ఆగి, మళ్ళీ తీసుకొచ్చేవాణ్ణి నేను. అది మాత్రం నిజం. కావాలంటే కైలాసాన్ని అడగండి.